సెల్ఫ్ మోటారు లేని కారుకు జంప్ స్టార్ట్

సంక్రాంతికి ఊరెళ్లి పది పదిహేను రోజులుండి వస్తే, వాకిట్లో వదిలి వెళ్లిన హైబ్రిడ్ కారు ఒక్కోసారి పలకదు. రిమోట్ నొక్కితే తలుపు తెరుచుకోదు. రిమోట్ లోపల దాచిన చిన్న తాళంచెవితో తలుపు తీసి, కూర్చుని, బ్రేకు తొక్కి పవర్ బటన్ నొక్కితే మీటరులో దీపాలన్నీ ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోతాయి. డ్యాష్‌బోర్డు వెనక రిలేలు టకటకమంటాయి. అంతకు మించి ఏమీ జరగదు. వెంటనే ఇంటిల్లిపాదికీ వచ్చే అనుమానం ఒకటే, లక్షలు పోసే పెద్ద బ్యాటరీ పోయిందేమోనని. చాలాసార్లు పోయింది అది కాదు. మామూలు కార్లలో ఉండేలాంటి 12 వోల్టుల చిన్న బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. దానికి బయటి నుంచి కాస్త కరెంటు అందిస్తే కారు లేస్తుంది. ఈ పనికి కావలసిన బలం పెట్రోలు, డీజిలు కార్లకు కావలసిన దానికంటే బాగా తక్కువ, కావలసిన జాగ్రత్త మాత్రం బాగా ఎక్కువ. మనం పాత కార్ల దగ్గర నేర్చుకున్న అలవాటు దీన్ని తలకిందులు చేస్తుంది. బలం ఎక్కువ పెట్టి జాగ్రత్త తగ్గిస్తుంది. బండికి నష్టం జరిగేది అక్కడే.

ముందు ఆ చిన్న బ్యాటరీ చేసే పనేమిటో చూద్దాం. హైబ్రిడ్ కార్లకు దారి తీసిన టొయోటా ప్రియస్ 1997 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. 2003లో వచ్చిన రెండో తరం ప్రియస్‌ను తీసుకుంటే, అందులో పెద్ద బ్యాటరీ 201.6 వోల్టులది, 6.5 ఆంపియర్ గంటలది. గుణిస్తే దాదాపు 1.3 యూనిట్ల కరెంటు. ఇంజన్‌ను తిప్పి లేపేది ఈ బ్యాటరీయే, అది కూడా గేరుపెట్టెలోనే అమర్చిన పెద్ద విద్యుత్ మోటారు ద్వారా. మనం సెల్ఫ్ అని పిలిచే స్టార్టర్ మోటారు ఆ కారులో లేదు. అయితే ఈ పెద్ద బ్యాటరీని కారు ఆపిన ప్రతిసారీ బలమైన రిలేలు మిగతా వైరింగ్ నుంచి తెంపేస్తాయి. కారు ఆగి ఉన్నప్పుడు ఎవరైనా చెయ్యి పెట్టినా, ప్రమాదంలో బండి నుజ్జయినా, 200 వోల్టులు బయటికి రాకూడదు కాబట్టి ఆ ఏర్పాటు. ఆ రిలేలను మళ్లీ కలపాలంటే కంప్యూటర్లు మేలుకోవాలి. కంప్యూటర్లకూ రిలేలకూ కరెంటు ఇచ్చేది 12 వోల్టుల బ్యాటరీ. గాదె నిండా ధాన్యం ఉన్నా తాళంచెవి కనపడకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. హైబ్రిడ్‌లో ఆ తాళంచెవి చిన్న బ్యాటరీ చేతిలో ఉంది. అందుకే జంప్ ఇవ్వడమంటే ఇక్కడ ఇంజన్ తిప్పడం కాదు, కంప్యూటర్లకు మెలకువ తెప్పించడం. పెట్రోలు కారు సెల్ఫ్‌కు నూరు, రెండు నూర్ల ఆంపియర్లు కావాలి, డీజిలు బండికి అంతకు మించి. హైబ్రిడ్‌ను లేపడానికి కొద్ది పదుల ఆంపియర్లు చాలు. అరచేతిలో పట్టే జంప్ ప్యాక్ కూడా ఈ పని చేసిపెడుతుంది.

బలం తక్కువ చాలడం మంచిదే కదా అనిపిస్తుంది. దాని వెనక ఒక చిక్కు ఉంది, ఈ ప్రసంగంలో నేను గట్టిగా చెప్పదలచిన మాట అదే. మామూలు కారులో సెల్ఫ్ మోటారు ప్రతి ఉదయం బ్యాటరీని పరీక్షిస్తుంది. బ్యాటరీ నీరసపడుతుంటే సెల్ఫ్ బరువుగా, సాగదీస్తూ తిరుగుతుంది. ఆ చప్పుడు వినగానే మెకానిక్ అక్కర్లేకుండానే ఇంట్లోవాళ్లు బ్యాటరీ మార్చే రోజులు వచ్చాయంటారు. హైబ్రిడ్‌లో ఆ చప్పుడే లేదు. సగం బలం పోయిన బ్యాటరీ కూడా కంప్యూటర్లను లేపగలదు, పావు వంతే మిగిలినా ఒక్కోసారి లేపగలదు. బాగున్న బ్యాటరీ లేపినంత చకచకా లేపుతుంది కూడా. నిన్నటిదాకా ఏ తేడా చూపని కారు ఇవాళ ఒక్కసారిగా చచ్చుబడుతుంది. యజమాని కారు మోసం చేసిందనుకుంటాడు. నిజానికి బ్యాటరీ నెలల తరబడి బలహీనపడుతూనే ఉంది, ఆ సంగతి మనకు చెప్పే భాగాన్ని కారులోంచి తీసేశారు, దాని బదులు ఇంకోటి పెట్టలేదు. కొన్ని చిన్న సూచనలు లేకపోలేదు. స్క్రీన్ తనంతట తాను ఆగి మళ్లీ రావడం, గడియారం వెనక్కి పోవడం, రిమోట్‌కు తలుపులు ఒకసారి పలికి ఒకసారి పలకకపోవడం, సంబంధం లేని హెచ్చరిక దీపాలు నాలుగైదు కలిసి వెలగడం, ఇవన్నీ చిన్న బ్యాటరీ వైపు వేలు చూపేవే. వీటిని చూసి సాఫ్ట్‌వేర్ లోపం అనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ.

దిగిపోవడం ఎంత తేలికో లెక్క వేసి చూడవచ్చు. తాళం వేసి ఆపిన కారు కూడా పూర్తిగా నిద్రపోదు. రిమోట్ పిలుపు కోసం చెవి ఒగ్గి ఉండే రిసీవరు, దొంగల అలారం, గడియారం అన్నీ కలిపి 40 మిల్లీ ఆంపియర్లు లాగుతున్నాయనుకుందాం. రోజుకు దాదాపు ఒక ఆంపియర్ గంట. బ్యాటరీ 45 ఆంపియర్ గంటలదైతే మూడు వారాల్లో సుమారు సగం ఖాళీ. కొత్త బ్యాటరీ దీన్ని తట్టుకుంటుంది, మూడు నాలుగేళ్ల బ్యాటరీ తట్టుకోలేదు. డిక్కీలో 5 వాట్ల దీపం ఒక్కటి రాత్రంతా వెలిగి ఉంటే మరో 5 ఆంపియర్ గంటలు పోతాయి. సీసం బ్యాటరీ దిగిపోయిన స్థితిలో పడి ఉంటే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, అలా పోయిన సామర్థ్యం మళ్లీ పూర్తిగా రాదు. వేడి సంగతి చెప్పనక్కర్లేదు. పది డిగ్రీలు పెరిగితే సీసం బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఆ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండలో నిలబెట్టిన కారుకూ, చల్లటి దేశాల్లో షెడ్డులో పెట్టిన కారుకూ ఒకే గడువు వర్తించదు. వీటన్నిటికీ మించి ఒక అలవాటు ఉంది. బడి దగ్గర పిల్లల కోసం ఎదురుచూస్తూ, బ్రేకు తొక్కకుండా బటన్ నొక్కి, పాటలు పెట్టుకుని కూర్చోవడం. మీటరులో రెడీ అనే అక్షరాలు వెలగనంత వరకూ పెద్ద బ్యాటరీ తలుపు మూసే ఉంటుంది. ఆ పాటలూ ఫ్యానూ అన్నీ చిన్న బ్యాటరీని తింటూ నడుస్తాయి. రెడీ వెలిగాక, ఇంజన్ ఆగి ఉన్నా సరే, కన్వర్టరు అనే భాగం పెద్ద బ్యాటరీ నుంచి కరెంటు తీసి చిన్నదాన్ని నింపుతుంది. ఎదురుచూడాల్సి వస్తే కారును రెడీలో ఉంచి చూడటమే మేలు.

పక్కనే అంత పెద్ద బ్యాటరీ నిండుగా ఉంటే, చిన్నదాన్ని అదే ఆదుకునేలా కంపెనీలు చేయవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. న్యాయమైన ప్రశ్న. చేసి చూపించినవాళ్లు ఉన్నారు కూడా. హ్యుందయ్ అయోనిక్, కియా నీరో హైబ్రిడ్లలో 12 వోల్టుల బ్యాటరీని కూడా లిథియంతో చేసి పెద్ద బ్యాటరీ పెట్టెలోనే కలిపి ఉంచారు. అది మరీ దిగిపోయేలోగా ఒక రిలే దాన్ని విడదీసి కొంత నిల్వ కాపాడుతుంది. స్టీరింగు పక్కన ఉన్న బ్యాటరీ రీసెట్ బటన్ నొక్కి, కొద్ది సెకన్లలోపే కారు స్టార్ట్ చేసుకోవచ్చు. కేబుళ్లు అక్కర్లేదు, పొరుగువాళ్లు అక్కర్లేదు. కాబట్టి ఇది చేతకాని పని కాదు, ఖర్చు, డిజైన్ నిర్ణయాల సంగతి. అయితే మన రోడ్ల మీద తిరుగుతున్న బళ్లు వేరు. 2013లో బిడది ఫ్యాక్టరీలో తయారీ మొదలైన క్యామ్రీ హైబ్రిడ్, 2022లో వచ్చిన హోండా సిటీ ఈహెచ్ఈవీ, టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్, వీటిలో ఆ బటన్ లేదు. అమెరికాలోని తెలుగు ఇళ్ల ముందు నిలిచే ప్రియస్‌లలోనూ లేదు. ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. గ్రాండ్ విటారా, హైరైడర్ పేర్లతోనే మైల్డ్ హైబ్రిడ్ రకాలు కూడా ఉన్నాయి. వాటిలో మామూలు సెల్ఫ్ మోటారు ఉంటుంది, వాటికి మామూలు కారు లెక్కే. నేను చెబుతున్నదంతా స్ట్రాంగ్ హైబ్రిడ్ల గురించి.

ఇంకొకరు అడగవచ్చు, 200 వోల్టుల బండిలో సామాన్యుడు చెయ్యి పెట్టడమెందుకు, కంపెనీ వాళ్ల రోడ్డు సహాయం ఉంది కదా అని. భయం సహజమే, కానీ అది ఉండాల్సిన చోట ఉండాలి. హెచ్చు వోల్టేజీ తీగలన్నిటికీ నారింజ రంగు తొడుగు ఉంటుంది. ఆ రంగు కనపడితే చెయ్యి వెనక్కి తీసుకోవాలి, అందులో రాజీ లేదు. జంప్ ఇచ్చే పని ఆ తీగల దగ్గరికే పోదు, 12 వోల్టుల వైపే మొదలై అక్కడే ముగుస్తుంది. రోడ్డు సహాయం దొరికే నగరంలో, పగటిపూట, వాళ్లను పిలవడం తప్పేమీ కాదు. నల్లమల ఘాట్ రోడ్డులో సెల్‌ఫోను సిగ్నలు పోయినచోట ఆ మాట నిలబడదు. పైగా సాయానికి వచ్చే మనిషికి ఈ కారు కొత్త కావచ్చు. ఎక్కడ కేబుల్ తగిలించాలో యజమానికి తెలిసి ఉంటే ఇద్దరికీ మంచిది. ఆ రెండో తరం ప్రియస్ సంగతే చూడండి. చిన్న బ్యాటరీ డిక్కీలో కుడి మూల ఉంటుంది. డిక్కీ గడియ కరెంటుతో పనిచేసేది, బ్యాటరీ దిగితే అది తెరుచుకోదు. అందుకని బానెట్ కింద ఫ్యూజుల పెట్టెలో, ఎర్రటి చిన్న ప్లాస్టిక్ మూత వెనక, గోరంత లోహపు నాలుక ఒకటి ఇచ్చారు. ప్లస్ కేబుల్ పట్టుకోవాల్సింది దాన్ని. బానెట్ తీగతో తెరుచుకుంటుంది కాబట్టి కరెంటు లేకపోయినా ఇబ్బంది లేదు. ఇలాంటి స్థానం ప్రతి మోడల్లో వేరు. కొన్నిటిలో బ్యాటరీయే నేరుగా అందుతుంది, కొన్నిటిలో సీటు కిందో సామాను అర కిందో ఉంటుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఆ పేజీని ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడే చూసి పెట్టుకోవాలి.

పని వరుస ఇది, ఈ వరుసకు కారణం ఉంది. రెండు కార్లూ ఒకదానికొకటి తగలకుండా ఆపి, హ్యాండ్ బ్రేకులు వేసి, దీపాలు, ఏసీ, ఫ్యాను అన్నీ కట్టేయాలి. ఎర్ర కేబుల్ ఒక కొస దిగిపోయిన కారు ప్లస్‌కు, రెండో కొస సాయం చేసే కారు ప్లస్‌కు. నల్ల కేబుల్ ఒక కొస సాయం చేసే కారు మైనస్‌కు. చివరి కొసను దిగిపోయిన బ్యాటరీ మైనస్‌కు తగిలించకూడదు, దానికి దూరంగా రంగు పూయని బోల్టునో, ఇంజన్ గదిలోని గట్టి లోహపు భాగాన్నో పట్టించాలి. చివరి కొస తగిలినప్పుడు నిప్పురవ్వ వస్తుంది, సీసం బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండే వీలుంది, ఆ రెంటినీ కలవనివ్వకూడదు. ప్రియస్‌లో ఆ లోహపు నాలుక చిన్నది, చుట్టూ వేరే లోహం ఉంది. క్లిప్పు పళ్లు పక్కకు జారి దేనికీ తగలకుండా చూసుకోవాలి. సాయం చేసే కారు ఇంజన్ నడుస్తుండగా ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు బ్రేకు తొక్కి పవర్ బటన్ నొక్కాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు, ఇంజన్ చప్పుడు కోసం చూసి, రాలేదని మళ్లీ మళ్లీ నొక్కుతారు. హైబ్రిడ్‌లో ఇంజన్ మోగాల్సిన అవసరం లేదు. రెడీ వెలిగితే పని అయినట్టే. తీసేటప్పుడు వెనకనుంచి ముందుకు, అంటే లోహాన్ని పట్టుకున్న నల్ల కొస మొదట, దిగిపోయిన కారు ప్లస్ చివర.

మన దగ్గర ప్రత్యేకంగా భయపడాల్సింది లారీ డ్రైవర్ల మంచి మనసు గురించి. రాత్రి హైవే మీద ఆగిపోయిన కారును చూసి ముందుగా ఆగేది వాళ్లే, కేబుళ్లు ఉండేదీ వాళ్ల దగ్గరే. కానీ లారీల్లో, బస్సుల్లో చాలా వాటికి రెండు బ్యాటరీలు వరసగా కలిపిన 24 వోల్టుల వైరింగ్ ఉంటుంది. పాత అంబాసిడర్‌కు తగిలిస్తే బల్బులు మాడేవేమో, హైబ్రిడ్‌కు తగిలిస్తే కంప్యూటర్లు మాడతాయి. వోల్టేజీ 12 అని తేల్చుకోకుండా ఏ బండి నుంచీ కరెంటు తీసుకోకూడదు. ప్లస్, మైనస్ తారుమారు చేయడం కూడా ఇలాంటిదే. అదృష్టం బాగుంటే పెద్ద ఫ్యూజ్ ఒక్కటే పోతుంది, లేకపోతే దానివెనక ఉన్న ఖరీదైన ఎలక్ట్రానిక్ భాగాలు పోతాయి. చీకట్లో రంగు చూసి నమ్మకుండా బ్యాటరీ మీది గుర్తు చదివి మరీ తగిలించాలి. నలుగురూ చేరి తోస్తే లేచిపోతుందనే పాత నమ్మకానికి ఇక్కడ చోటు లేదు. కంప్యూటర్లు నిద్రలో ఉంటే చక్రాలు ఎంత తిరిగినా ఇంజన్ లేవదు, పైగా చాలా మోడళ్లలో కరెంటు లేనిదే గేరు పార్కులోంచి బయటికే రాదు. నడుస్తున్న బండిలో బ్యాటరీ కేబుల్ ఊడదీసి చార్జింగ్ వస్తుందో లేదో చూసే షెడ్డు పద్ధతి ఒకటి ఉంది. హైబ్రిడ్ మీద దాన్ని ఎవరు ప్రయోగించబోయినా ఆపండి.

లేచిన తర్వాత పది నిమిషాలు రేస్ చేసి ఆపేస్తే సరిపోతుందనేది ఇంకో అలవాటు. ఈ కార్లలో బెల్టుతో తిరిగే ఆల్టర్నేటరు లేదు, యాక్సిలరేటరు తొక్కినంత మాత్రాన చిన్న బ్యాటరీకి ఎక్కువ కరెంటు రాదు. కన్వర్టరు ఇచ్చేది అది నిదానంగా ఇస్తూనే ఉంటుంది. కావలసింది సమయం. కనీసం గంటసేపు రెడీలో ఉంచాలి, లేదా నడపాలి. నిలబెట్టి ఉంచితే గేరు పార్కులోనే ఉండాలి, న్యూట్రల్‌లో పెద్ద బ్యాటరీ నిండదు. ఆరుబయట ఉంచాలి. ఈ కారు ఇంజన్ మనం చెప్పకుండానే తనంతట తాను మోగుతుంది. మూసిన షెడ్డులో అయితే ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. హైబ్రిడ్ నిశ్శబ్దంగా ఉంటుంది కదా అని ఈ విషయంలో ఏమరడం చాలా ప్రమాదకరం. తర్వాత ఎప్పుడైనా పొరుగింటి డీజిలు బండి ఆగిపోతే మీ హైబ్రిడ్‌ను సాయానికి ఇవ్వకండి. మీ చిన్న బ్యాటరీ, దాని వెనక కన్వర్టరు దీపాలకూ కంప్యూటర్లకూ తగ్గట్టు చేసినవి. ఆ బండి సెల్ఫ్ వందల ఆంపియర్లు ఒక్కసారి లాగితే ఫ్యూజో కన్వర్టరో దెబ్బతింటుంది. ఇది పిసినారితనం కాదని పొరుగువాళ్లకు విడమరచి చెప్పవచ్చు, మీ దగ్గర మంచి జంప్ ప్యాక్ ఉంటే అదే తీసి ఇవ్వవచ్చు.

ఒకసారి జంప్ ఇచ్చాక ఎన్నాళ్లు నమ్మవచ్చు? దీపం మరిచిపోయి దిగిందంటే, బ్యాటరీ కొత్తదైతే, నిండుగా చార్జ్ చేసి వాడుకోవచ్చు. కారణం తెలియకుండా దిగితే మాత్రం మార్చడమే లాభం. ప్రియస్‌లాగా బ్యాటరీ కారు లోపల ఉన్నచోట గాలి గొట్టం ఉన్న ఏజీఎం రకమే పెట్టాలి, ఆ గొట్టాన్ని మళ్లీ బిగించాలి. చవకగా దొరికిందని మామూలు బ్యాటరీ పెడితే ఆ ఆవిర్లు మనం కూర్చునే చోటికే వస్తాయి. ఇక కంపెనీలను అడగాల్సింది ఒకటి ఉంది. టైర్లలో గాలి ఎంతుందో చూపే స్క్రీను చిన్న బ్యాటరీ వోల్టేజీని కూడా చూపాలి. ఆ అంకె కారు కంప్యూటర్లకు ఇప్పటికే తెలుసు. అంకెలు చూసి జనం గాభరాపడతారని ఎవరైనా అంటే, గాభరాపడి ముందే బ్యాటరీ మార్చుకోవడం, ఎక్కడో ఆగిపోయి గాభరాపడటం కంటే నయమని నా జవాబు. అది వచ్చేలోగా సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే వోల్ట్ మీటరు కొద్ది వందల రూపాయలకు దొరుకుతుంది. రాత్రంతా ఆగిన కారులో ఉదయం బ్రేకు తొక్కకుండా బటన్ నొక్కి చూస్తే, బాగున్న బ్యాటరీ 12 పైన నిలబడుతుంది. 12కు దిగువకు జారుతోందంటే ఆ వారంలోనే దుకాణానికి వెళ్లాలి. రెడీ వెలిగాక అంకె సాధారణంగా 14 దరిదాపులకు చేరాలి. రెడీలో కూడా 12 దగ్గరే ఆగిపోయిందంటే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, నింపాల్సిన కన్వర్టరు నింపడం లేదు. అప్పుడు ఎన్ని జంపులిచ్చినా కారు మళ్లీ ఆగుతుంది, నడపకుండా సర్వీస్ సెంటరుకు కబురు చేయాలి.